మీ కంప్యూటర్ కాన్ఫిగరేషన్ చూడటానికి ఏ దారి మంచిది?

"నీ ల్యాప్‌టాప్ కాన్ఫిగరేషన్ ఏంటి?" అని అడిగితే ఎక్కువమంది చెప్పే జవాబు ఒకటే: "ఐ5, 8 జీబీ ర్యామ్." ర్యామ్ పెంచుకోవాలన్నా, విండోస్ 11 ఎక్కుతుందో లేదో తేలాలన్నా, సెకండ్ హ్యాండ్‌లో ఏదైనా కొనాలన్నా ఆ జవాబుతో పని జరగదు. 2013లో వచ్చిన ఐ5-4300యూ కూడా ఐ5నే, 2023లో వచ్చిన ఐ5-1335యూ కూడా ఐ5నే. మొదటిదాంట్లో 2 కోర్లు, రెండోదాంట్లో 10. రెండింటి మీదా అంటించే స్టిక్కర్ మాత్రం ఐ5 అనే చెబుతుంది.

అసలు వివరాలు చూసుకోవడానికి దారులకు కొదవ లేదు. విండోస్ సెట్టింగ్స్, టాస్క్ మేనేజర్, డీఎక్స్‌డయాగ్, ఎంఎస్‌ఇన్ఫో32, బయోస్ (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల స్క్రీన్), సీపీయూ-జెడ్, హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో, అడుగున అంటించిన స్టిక్కర్... ఏది వాడాలి అని నన్ను అడిగేవాళ్లను నేను ముందు రెండు విషయాలు అడుగుతాను. ఆ వివరం దేనికి కావాలి? మెషీన్ మీదేనా, ఇంకొకరు అమ్ముతున్నదా?

ఈ రెండూ ఎందుకంటే, ఒక్కో దారి ఒక్కో చోటి నుంచి సమాచారం తెస్తుంది. అడుగున ఉన్న స్టిక్కర్, ఫ్యాక్టరీ నుంచి బయల్దేరిన రోజున లోపల ఏముందో చెబుతుంది. బయోస్ ఈ క్షణాన బోర్డుకు ఏం తగిలించి ఉందో చెబుతుంది. విండోస్ సెట్టింగ్స్ తన రిజిస్ట్రీలో రాసుకున్న పేరును చదివి చూపిస్తుంది. సీపీయూ-జెడ్ లాంటివి నేరుగా చిప్పునే అడిగి తెలుసుకుంటాయి. మీ సొంత మెషీన్ అయితే ఇవన్నీ దాదాపు ఒకే మాట చెబుతాయి కాబట్టి సులువైన దారి చాలు. కొనబోయే పాత మెషీన్ అయితే మాత్రం ఏ మాట ఎక్కడి నుంచి వస్తోందో చూసుకోవాలి.

సొంత మెషీన్‌కు: సెట్టింగ్సా, టాస్క్ మేనేజరా?

అందరికీ తెలిసిన దారి సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి సిస్టమ్ నొక్కినా అక్కడికే వెళ్తుంది. ప్రాసెసర్ పూర్తి పేరు, ర్యామ్ ఎంత, 64 బిట్టా కాదా, విండోస్ ఏ వెర్షన్ అన్నవి ఒక్క పేజీలో ఉంటాయి. కాలేజీ వాళ్లో ఆఫీసు వాళ్లో ఫారం నింపమంటే ఇది సరిపోతుంది. అంతకుమించిన పనికి నేను దీన్ని సిఫారసు చేయను.

టాస్క్ మేనేజర్ దీనికంటే చాలా మెరుగు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి, పెర్ఫార్మెన్స్ విభాగంలోకి వెళ్లండి. చాలామంది అక్కడ కదిలే గ్రాఫులు చూసి మూసేస్తారు. అసలు సరుకు గ్రాఫుల కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది.

మెమరీ మీద నొక్కి చూడండి. ఉదాహరణకు పైన 8 జీబీ అని, కింద స్పీడ్ 2667 అని, స్లాట్స్ యూజ్డ్ దగ్గర "1 ఆఫ్ 2" అని, ఫార్మ్ ఫ్యాక్టర్ దగ్గర "ఎస్ఓడిమ్" అని ఉందనుకోండి. అంటే లోపల ర్యామ్ పెట్టుకునే చోట్లు రెండున్నాయి, ఒకటి ఖాళీగా ఉంది. ఇంకో 8 జీబీ కొని పెట్టుకుంటే 16 అవుతుంది, రెండు కర్రలూ (ర్యామ్ స్టిక్‌లు) కలిసి పనిచేస్తాయి కాబట్టి వేగం కూడా కాస్త పెరుగుతుంది. అదే 8 జీబీకి "2 ఆఫ్ 2" అని ఉంటే సాధారణంగా 4, 4 పెట్టారని అర్థం. పెంచుకోవాలంటే ఉన్నదాంట్లో ఒకటైనా తీసేయాలి. ఫార్మ్ ఫ్యాక్టర్ దగ్గర "రో ఆఫ్ చిప్స్" అని ఉంటే ర్యామ్‌ను బోర్డుకే అతికించేశారు, దాన్ని మార్చడం కుదరదు. షాపుకు వెళ్లి ల్యాప్‌టాప్ విప్పించక ముందే ఇంత సంగతి ఈ ఒక్క పేజీలో తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ర్యామ్ బోర్డుకు అతికించిన కొన్ని సన్నటి ల్యాప్‌టాప్‌లలో ఈ పేజీ "4 ఆఫ్ 8" లాంటి వింత లెక్క చూపిస్తుంది. నాలుగు స్లాట్లు ఖాళీ ఉన్నాయని సంబరపడొద్దు, అది చిప్పుల లెక్క. స్లాట్ల లెక్క రెండు దాటి కనిపించిన ప్రతిసారీ ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ చూసుకోవాలి. డెల్, హెచ్‌పీ, లెనోవో మూడూ తమ సైట్లలో ల్యాప్‌టాప్‌ల మాన్యువల్స్ ఉచితంగా పెడతాయి. ఎన్ని స్లాట్లు, గరిష్ఠంగా ఎంత ర్యామ్, రెండో ఎస్ఎస్‌డీకి చోటుందా అన్నవి వాటిలో బొమ్మలతో సహా ఉంటాయి. ఎస్ఎస్‌డీకి ఖాళీ చోటుందో లేదో సాఫ్ట్‌వేర్‌ను నమ్ముకుని చెప్పడం కష్టం. మాన్యువల్ చూడాలి, లేదా అడుగు మూత విప్పి చూడాలి.

టాస్క్ మేనేజర్ సీపీయూ పేజీలో ఇంజినీరింగ్ పిల్లలకు పనికొచ్చే మాట ఒకటుంది: వర్చువలైజేషన్, అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌నో ఫోన్‌నో నడిపే వీలు. ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్ నత్తనడక నడుస్తోందన్నా, వర్చువల్‌బాక్స్ తెరుచుకోవట్లేదన్నా ముందు చూడాల్సింది ఇక్కడే. "డిసేబుల్డ్" అని ఉంటే బయోస్‌లో ఆన్ చేసుకుంటే సరి, కొత్త ల్యాప్‌టాప్ అక్కర్లేదు.

డిస్క్ మీద నొక్కితే అది ఎస్ఎస్‌డీనా, హార్డ్ డిస్కా అన్నది రాసి ఉంటుంది. కెపాసిటీ చూసి మాత్రం కంగారు పడొద్దు. 512 జీబీ అని కొన్నది 476గా, 1 టీబీ అన్నది 931గా కనిపిస్తుంది. కంపెనీలు వెయ్యితో లెక్కగడతాయి, విండోస్ 1024తో లెక్కగడుతుంది. ఎవరూ మోసం చేయలేదు.

టాస్క్ మేనేజర్ చెప్పనిది ర్యామ్ ఏ తరానిదో. స్లాట్లో పెట్టే ల్యాప్‌టాప్ ర్యామ్ అయితే స్పీడ్‌ను బట్టి అందాజుగా పట్టుకోవచ్చు: 1600 ఉంటే డీడీఆర్3, 2133 నుంచి 3200 మధ్య ఉంటే డీడీఆర్4, 4800 ఆ పైన అయితే డీడీఆర్5. డబ్బు పెట్టి ర్యామ్ కొనే ముందు మాత్రం అందాజు మీద వెళ్లకండి. ఒక తరం ర్యామ్ ఇంకో తరం స్లాట్లో దిగదు, గాటు వేరే చోట ఉంటుంది. దీనికి సీపీయూ-జెడ్ వాడాలి, ఆ సంగతి కింద చెబుతాను.

"4 జీబీ గ్రాఫిక్స్" అనే మాట

ఈ ఒక్క విషయంలో జనం మోసపోయినన్ని సార్లు ఇంకెందులోనూ మోసపోరు, అందుకే విడిగా రాస్తున్నాను.

గ్రాఫిక్స్ వివరాలకు చాలామంది డీఎక్స్‌డయాగ్ తెరుస్తారు. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన చిన్న పెట్టెలో డీ, ఎక్స్ తర్వాత డయాగ్ అన్న ఇంగ్లీషు అక్షరాలు ఖాళీ లేకుండా టైప్ చేస్తే తెరుచుకుంటుంది. అందులో డిస్‌ప్లే పేజీలో మెమరీ దగ్గర పెద్ద అంకె ఒకటి కనిపిస్తుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డే లేని, ఇంటెల్ యూహెచ్‌డీ ఉన్న 8 జీబీ ల్యాప్‌టాప్‌లో కూడా ఆ అంకె దాదాపు 4 జీబీ ఉంటుంది. అమ్మేవాళ్లు దాన్ని చూపించి "4 జీబీ గ్రాఫిక్స్ ఉంది సార్" అంటారు. నిజానికి అది అవసరమైతే మామూలు ర్యామ్‌లోంచి వాడుకోగలిగిన వాటాను కూడా కలిపేసిన లెక్క. దాని కిందే ఉన్న డిస్‌ప్లే మెమరీ, షేర్డ్ మెమరీ అన్న రెండు వరుసలు విడివిడిగా చదవాలి. గ్రాఫిక్స్ కార్డు లేనిచోట మొదటిది 128 ఎంబీ లాంటి చిన్న అంకెగా ఉండి, మిగతాదంతా షేర్డ్‌లో ఉంటుంది.

ఇదే సంగతి టాస్క్ మేనేజర్‌లో ఇంకా తేటగా కనిపిస్తుంది. ఎడమవైపు వరుసలో జీపీయూ 0, జీపీయూ 1 అని రెండు కనిపిస్తే, ఒకదానికి ఎన్‌విడియా జీఫోర్స్ లాంటి పేరుంటే, దాని "డెడికేటెడ్ జీపీయూ మెమరీ" ఎంతో అదే మీ గ్రాఫిక్స్ కార్డు మెమరీ. జీపీయూ 0 ఒక్కటే ఉండి దాని పేరు ఇంటెల్‌ది అయితే, ల్యాప్‌టాప్‌లలో దాదాపు ఎప్పుడూ విడి కార్డు లేనట్టే. కాబట్టి గ్రాఫిక్స్ చూడటానికి నా ఓటు టాస్క్ మేనేజర్‌కే.

మరి డీఎక్స్‌డయాగ్ ఎందుకు? గేమ్ తెరుచుకోకపోతే ఆ గేమ్ కంపెనీ సపోర్ట్ వాళ్లు అడిగేది దీని రిపోర్టే. "సేవ్ ఆల్ ఇన్ఫర్మేషన్" నొక్కితే అంతా ఒక టెక్స్ట్ ఫైల్‌గా దిగుతుంది, డ్రైవర్ తేదీలతో సహా. ఆ పనికి దీనికి సాటి లేదు.

డెస్క్‌టాప్‌కు పాత గ్రాఫిక్స్ కార్డు విడిగా కొనేవాళ్లు జీపీయూ-జెడ్ వాడండి. పాత చవక కార్డు లోపలి సాఫ్ట్‌వేర్ (కార్డు సొంత బయోస్) మార్చి ఖరీదైన కార్డు పేరుతో అమ్మే మోసం ఒకటుంది. అలాంటివాటిలో చాలావాటిని ఈ సాఫ్ట్‌వేర్ చిప్పును బట్టి గుర్తుపట్టి, పేరు ముందు "ఫేక్" అని చూపిస్తుంది.

విండోస్ 11 ఎక్కుతుందా?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి ఇంకా చాలా ఇళ్లలో ఈ ప్రశ్న నడుస్తోంది. దీనికి మూడు దారులున్నాయి. నా సలహా, ముందు మైక్రోసాఫ్ట్ వాళ్ల పీసీ హెల్త్ చెక్ యాప్ వేసుకోండి. "చెక్ నౌ" నొక్కితే కుదురుతుందో లేదో, కుదరకపోతే ఎందుకో వరుసగా చెబుతుంది. అది కుదరదన్నప్పుడే మిగతా రెండింటి అవసరం పడుతుంది, ఎందుకంటే అది చెప్పే కారణాల్లో కొన్నింటికి మందు ఉంది, కొన్నింటికి లేదు.

మందు లేనిది ప్రాసెసర్. ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం నుంచి, ఏఎండీలో కూడా దాదాపుగా రైజెన్ 2000 సిరీస్ నుంచి మైక్రోసాఫ్ట్ అనుమతి ఉంది. ఇంటెల్ పేరులో ఐ5 తర్వాత గీత దాటగానే వచ్చే అంకె తరం, అది 1 అయితే మొదటి రెండంకెలు: 7200యూ అంటే 7వది, 8250యూ అంటే 8వది, 1135జీ7 అంటే 11వది. 7200యూ ఉంటే అక్కడితో ఆశ వదులుకోవచ్చు. ఐ7 అయినా అంతే.

మందు ఉన్నవి టీపీఎం అనే భద్రతా చిప్పు, సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగ్. టీపీఎం కోసం విండోస్ బటన్, ఆర్ నొక్కి టీపీఎం, చుక్క, ఎంఎస్‌సీ అని ఇంగ్లీషులో టైప్ చేయండి. స్పెసిఫికేషన్ వెర్షన్ 2.0 అని కనిపిస్తే మంచిదే. టీపీఎం లేదని చూపిస్తే నిజంగా లేదని అప్పుడే తీర్మానించుకోవద్దు. చాలా మెషీన్లలో అది బయోస్‌లో ఆపేసి ఉంటుంది, ఇంటెల్‌లో పీటీటీ అని, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అని పేరుంటుంది. సెక్యూర్ బూట్ సంగతి ఎంఎస్‌ఇన్ఫో32 చెబుతుంది. అదే పెట్టెలో ఎం, ఎస్, ఐ, ఎన్, ఎఫ్, ఓ అక్షరాలు, వెంటనే 32 కొట్టండి. మొదటి పేజీలోనే బయోస్ మోడ్, సెక్యూర్ బూట్ స్టేట్, మదర్‌బోర్డు పేరు, బయోస్ తేదీ వరుసగా ఉంటాయి. డెస్క్‌టాప్ సొంతంగా కట్టించుకున్నవాళ్లకు బోర్డు మోడల్ నంబరు కావాలంటే మూత తీయకుండా ఇక్కడ దొరుకుతుంది, "బేస్‌బోర్డ్ ప్రొడక్ట్" అన్న వరుసలో. అదే పేజీలో బయోస్ మోడ్ "లెగసీ" అని ఉంటే సెక్యూర్ బూట్ ఆన్ చేయడానికి ముందు డిస్క్‌ను మార్చాల్సి ఉంటుంది. ఆ పని తెలిసినవాళ్ల చేత, డేటా బ్యాకప్ తీసుకున్నాకే చేయించుకోండి.

బయోస్‌లో ఏదైనా మార్చే ముందు బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకు విండోస్ వేసే తాళం) రికవరీ కీ మీ దగ్గరుందో లేదో చూసుకోండి. డిస్క్‌కు బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే, టీపీఎం సెట్టింగ్ కదిలాక మళ్లీ ఆన్ చేసినప్పుడు ఆ 48 అంకెల కీ అడుగుతుంది. లేకపోతే ఫోటోలు, ఫైళ్లు అన్నీ లోపలే ఉండిపోతాయి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయినవాళ్లకు ఆ కీ సాధారణంగా ఖాతాలోనే దాచి ఉంటుంది.

బయటి సాఫ్ట్‌వేర్: ఏది వేసుకోవాలి?

ఒక్కటే వేసుకుంటామంటే సీపీయూ-జెడ్. చిన్నది, ఉచితం, ఇన్‌స్టాల్ చేయకుండా జిప్ ఫైల్ విప్పి నడుపుకునే రకం కూడా ఉంది. ర్యామ్ కొనే ముందు ఇందులోని ఎస్‌పీడీ పేజీ చూడాలి. ఒక్కో స్లాట్‌లో ఉన్న కర్ర ఏ కంపెనీది, ఎంత, ఏ తరం, పార్ట్ నంబరుతో సహా ఉంటుంది. ఆ పేజీ ఫోటో తీసి షాపులో చూపిస్తే వాళ్లు సరిపడేది ఇస్తారు. మెమరీ పేజీలో "డ్రామ్ ఫ్రీక్వెన్సీ" 1600 అని చూసి 3200 ర్యామ్ అని చెప్పి మోసం చేశారని గొడవకు దిగినవాళ్లున్నారు. డీడీఆర్ ర్యామ్ ఒక్కో గడియార తరంగానికి రెండుసార్లు డేటా పంపుతుంది కాబట్టి 1600ను రెట్టింపు చేస్తే 3200. సీపీయూ-జెడ్ చూపించేది అసలు గడియార వేగం, అంతే.

హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో దీనికంటే లోతైనది. ఉష్ణోగ్రతలు, ఫ్యాన్ వేగం, బ్యాటరీ అరుగుదల, స్క్రీన్ ప్యానెల్ అసలు మోడల్ నంబరు వరకూ తెస్తుంది. ల్యాప్‌టాప్ వేడెక్కి నెమ్మదిస్తోందని అనుమానం ఉన్నవాళ్లకు ఇదే సరైనది. కొత్తవాళ్లకు మాత్రం మొదటిసారి తెరిస్తే కళ్లు తిరుగుతాయి, వందల వరుసలు. స్పెసీ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌ను ఒకప్పుడు అందరూ వాడేవాళ్లు, చూడటానికి ఇప్పటికీ అందంగా ఉంటుంది. కొత్త ప్రాసెసర్లను గుర్తించడంలో వెనకబడింది కాబట్టి ఇప్పుడు దాన్ని ఎంచుకోవడానికి నాకు కారణం కనిపించదు.

వీటిలో ఏది వేసుకున్నా గూగుల్‌లో వెతికి పైన "స్పాన్సర్డ్" అని వచ్చిన లింకు నొక్కొద్దు. 2023లో సీపీయూ-జెడ్ పేరుతోనే ప్రకటన పెట్టి, పాస్‌వర్డులు దోచే సాఫ్ట్‌వేర్ దించిన సంఘటన బయటపడింది. తయారుచేసిన వాళ్ల సైట్ నుంచే దించుకోండి. "మీ డ్రైవర్లు పాతబడ్డాయి, ఇప్పుడే స్కాన్ చేయండి" అనేవాటి జోలికి అసలు వెళ్లొద్దు.

ఆఫీసులోనో ల్యాబ్‌లోనో చాలా మెషీన్ల వివరాలు రాసుకోవాల్సినవాళ్లకు పవర్‌షెల్ (విండోస్‌లో కమాండ్లు టైప్ చేసే కిటికీ) తీరు వేరు, ఒక్క కమాండ్‌తో అన్నీ ఫైల్‌లోకి దిగుతాయి. పాత పాఠాలు చెప్పే డబ్ల్యూఎంఐసీ కమాండ్‌ను మైక్రోసాఫ్ట్ విండోస్ 11లోంచి తొలగిస్తూ వస్తోంది. దానికి బదులు గెట్-సిమ్‌ఇన్‌స్టాన్స్ నేర్చుకోండి.

పాత ల్యాప్‌టాప్ కొంటుంటే

అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడ. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి వెళ్లి చూసినా, కోర్సుకని అమీర్‌పేట వచ్చిన కుర్రాడు హాస్టల్ స్నేహితుడి దగ్గర కొన్నా, ఆన్‌లైన్‌లో చూసి ఎవరింటికో వెళ్లి తెచ్చుకున్నా పద్ధతి ఒకటే. కంపెనీల్లో మూడు నాలుగేళ్లు వాడి తీసేసిన డెల్ లాటిట్యూడ్‌లు, లెనోవో థింక్‌ప్యాడ్‌లు, హెచ్‌పీ ఎలైట్‌బుక్‌లు ఈ మార్కెట్‌కు వస్తుంటాయి. వాటిలో చాలా మంచివి ఉంటాయి, గట్టి సరుకు. ఏది మంచిదో తేల్చుకోవడమే పని.

అబౌట్ పేజీని ఇక్కడ ఆధారంగా తీసుకోవద్దు. అందులో కనిపించే ప్రాసెసర్ పేరు రిజిస్ట్రీలో ఉన్న ఒక వాక్యం. దాన్ని మార్చి, విండోస్ ఆన్ అయిన ప్రతిసారీ మారేలా చేసి పెట్టడం తెలిసినవాడికి కష్టం కాదు. మెషీన్ ఆపి, ఆన్ చేసి బయోస్‌లోకి వెళ్లండి. డెల్, ఏసర్, ఆసుస్‌లలో ఎక్కువగా ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10, థింక్‌ప్యాడ్‌లో ఎఫ్1. ప్రాసెసర్ పేరు, ర్యామ్, సర్వీస్ ట్యాగ్ లేదా సీరియల్ నంబరు అక్కడ ఉంటాయి. బయోస్‌లోకి వెళ్లగానే పాస్‌వర్డ్ అడిగితే, అమ్మేవాళ్లకు అది తెలియకపోతే, ఆ మెషీన్ వదిలేయండి.

బయోస్‌లో కనిపించిన నంబరు, అడుగున స్టిక్కర్ మీది నంబరు ఒకటేనా చూసుకోండి. తేడా ఉంటే బోర్డు మార్చారనో, అడుగు మూత వేరేదనో అర్థం. ఆ నంబరును డెల్, లెనోవో, హెచ్‌పీ సైట్లో కొడితే ఫ్యాక్టరీ నుంచి ఏ మోడల్‌గా వెళ్లింది, వారంటీ ఎప్పటిదాకా ఉంది అన్నవి వస్తాయి. డెల్ అయితే ఒరిజినల్ కాన్ఫిగరేషన్ మొత్తం జాబితా ఇస్తుంది. గుర్తుంచుకోవాల్సింది, అది అప్పటి లెక్క. 256 జీబీ ఎస్ఎస్‌డీతో వెళ్లినది ఇప్పుడు 512తో ఉంటే తప్పేం కాదు, మధ్యలో ఎవరో మార్చారు. ప్రాసెసర్ వేరేగా కనిపిస్తే మాత్రం ప్రశ్నించాలి, ఎందుకంటే ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో అది బోర్డుకు అతికించి ఉంటుంది.

తర్వాత పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లిన సీపీయూ-జెడ్, డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో నడపండి. నేను క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో చూడకుండా పాత ల్యాప్‌టాప్ కొనమని ఎవరికీ చెప్పను. తెరవగానే ఎడమవైపు పైన హెల్త్ స్టేటస్ అని రంగు పెట్టె, ఎస్ఎస్‌డీ అయితే దాంట్లో శాతం. కుడివైపు "పవర్ ఆన్ అవర్స్" అనే వరుసలో 21,000 అని ఉందనుకోండి. ఏడాదికి 8,760 గంటలు. అంటే రెండేళ్ల నాలుగు నెలలకు పైగా ఆపకుండా నడిచినంత వాడకం. ఎస్ఎస్‌డీ "కొత్తది వేశాం" అన్నవాళ్ల మాట నిజమో కాదో ఈ ఒక్క అంకె తేల్చేస్తుంది. హార్డ్ డిస్క్ అయితే పెట్టె పసుపు రంగులో "కాషన్" అని చూపిస్తోందేమో చూడండి. చూపిస్తే చెడిపోయిన సెక్టార్లు మొదలయ్యాయని, ఆ డిస్క్‌కు విలువ కట్టొద్దని అర్థం. ధర అంతమేరకు తగ్గించమని అడగొచ్చు, ఎలాగూ ఎస్ఎస్‌డీ వేసుకోవాలి కాబట్టి.

బ్యాటరీకి వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇంగ్లీషులో పవర్‌సీఎఫ్‌జీ, ఖాళీ, ముందుకు వాలిన గీత, బ్యాటరీరిపోర్ట్ అని కొట్టండి. బ్రౌజర్‌లో తెరుచుకునే ఒక రిపోర్ట్ తయారై, అది ఎక్కడ దాచిందో కమాండ్ కిందే చెబుతుంది. డిజైన్ కెపాసిటీ 50,000, ఫుల్ చార్జ్ కెపాసిటీ 31,000 అని ఉంటే బ్యాటరీ 62 శాతం మిగిలింది. చవక బ్యాటరీ వేసి అమ్మేచోట ఈ లెక్కలు నమ్మకంగా ఉండవు, అందుకని చార్జర్ తీసేసి పావుగంట వీడియో నడిపి శాతం ఎంత పడిందో కూడా చూడండి.

ఇంటర్నెట్‌కు కనెక్ట్ చేసి విండోస్ సెటప్ మొదటి నుంచి ఒకసారి నడిపించమని అడగండి. పాత కంపెనీ తన జాబితాలోంచి మెషీన్‌ను తొలగించకపోతే ఆ కంపెనీ పేరుతో లాగిన్ పేజీ వస్తుంది. విండోస్ మళ్లీ వేసినా అది పోదు.

పెన్‌డ్రైవ్ పెట్టనివ్వని చోట? బయోస్, టాస్క్ మేనేజర్, బ్యాటరీ రిపోర్ట్ మూడూ పెన్‌డ్రైవ్ లేకుండానే అవుతాయి. ఆ మూడూ చూడనివ్వకపోతే బేరమాడాల్సిన అవసరం లేదు.

ప్రాసెసర్ పేర్ల గురించి ఒక్క మాట. ఏఎండీ 7000 సిరీస్ ల్యాప్‌టాప్ చిప్పుల్లో మొదటి అంకె కొత్తగా కనిపించినా తరం చెప్పేది మూడో అంకె. రైజెన్ 5 7520యూలో మూడో అంకె 2, అంటే లోపల ఉన్నది జెన్ 2, పాత డిజైను. 7530యూ జెన్ 3, 7540యూ జెన్ 4. చూడటానికి మూడూ అన్నదమ్ముల్లా ఉంటాయి. ఈ తేడా ఏ సెట్టింగ్స్ పేజీ వివరించదు. పూర్తి పేరు రాసుకుని ఏఎండీ సైట్లో చూసుకోవాలి.

మ్యాక్, లినక్స్

మ్యాక్‌లో ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఆపిల్ గుర్తు నొక్కి అబౌట్ దిస్ మ్యాక్ తెరిస్తే చిప్, మెమరీ, సీరియల్ నంబరు ఉంటాయి. పాతది కొనేటప్పుడు సిస్టమ్ రిపోర్ట్‌లో పవర్ విభాగం తెరిచి సైకిల్ కౌంట్ (బ్యాటరీ ఎన్ని పూర్తి చార్జ్‌ల వాడకం చూసిందో) చూడండి. ఇప్పటి మ్యాక్‌బుక్ బ్యాటరీలకు ఆపిల్ చెప్పే పరిమితి 1000. ఎం సిరీస్ చిప్పులున్న వాటిలో మెమరీ తర్వాత పెంచుకోలేరు కాబట్టి ఎంత కావాలో కొన్నప్పుడే తేల్చుకోవాలి.

లినక్స్‌లో ఐఎన్ఎక్స్ఐ కమాండ్ ఒక్కటి చాలు (ముందే లేకపోతే ఇన్‌స్టాల్ చేసుకోవాలి), అన్నీ ఒకేచోట తెస్తుంది. ర్యామ్ స్లాట్ల వివరాలకు డీఎమ్ఐడీకోడ్‌ను సుడోతో నడపాలి. విండోస్ అసలు ఎక్కని, లేదా డిస్క్ లేని మెషీన్‌ను పరీక్షించాలంటే ఉబుంటు పెన్‌డ్రైవ్ పెట్టి ఇన్‌స్టాల్ చేయకుండా "ట్రై" నొక్కి ఈ కమాండ్లు నడపడం నాకు తెలిసినంతలో అన్నిటికంటే నిఖార్సైన పద్ధతి. అమ్మేవాళ్ల విండోస్‌తో దానికి సంబంధమే ఉండదు.

ఎవరికైనా పంపే ముందు

సలహా కోసం స్క్రీన్‌షాట్ గ్రూపులో పెట్టేటప్పుడు ప్రాసెసర్, ర్యామ్, డిస్క్, గ్రాఫిక్స్ కనిపిస్తే చాలు. ఎంఎస్‌ఇన్ఫో32, డీఎక్స్‌డయాగ్ రిపోర్టుల్లో కంప్యూటర్ పేరు ఉంటుంది, చాలామంది దానికి సొంత పేరే పెట్టుకుంటారు. అబౌట్ పేజీలో డివైస్ ఐడీ, ప్రొడక్ట్ ఐడీ ఉంటాయి. సర్వీస్ ట్యాగ్ చేతికి దొరికితే మీ మెషీన్ వారంటీ వివరాలు ఎవరైనా చూడొచ్చు, కంపెనీ సపోర్ట్ నుంచి మాట్లాడుతున్నామని చెప్పి ఆ నంబరే చదివి నమ్మించొచ్చు. కాబట్టి ఆ వరుసలు కత్తిరించి పంపండి. ర్యామ్ ఏది కొనాలో చెప్పేవాళ్లకు వాటితో పనేమీ లేదు.